జారి పడటం సరే, విరగడం ఎందుకు?

చెయ్యి ఎలా విరిగిందని అడిగితే విశాఖపట్నంలో యాభై దాటిన ఆడవాళ్ళు చెప్పే జవాబు దాదాపు ఒకటే: జారి పడ్డాను. ఎక్కడ జారారన్నదే మారుతుంది. సబ్బునీళ్ళు నిలిచిన బాత్రూంలో ఒకరు, వాకిలి కడుగుతూ గడప దగ్గర ఒకరు, ఆరిలోవ వైపు కొండవాలు ఇళ్ళ మెట్ల మీద బిందెతో ఒకరు, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 30 కిలోమీటర్లకు పైగా నడిచి, వానకు తడిసిన రోడ్డు మీద కాళ్ళు తేలిపోయి మరొకరు. చూడటానికి వచ్చినవాళ్ళు "సూసుకుని నడవొద్దేటి?" అని ఓ మాట అంటారు. డాక్టరు ఎక్స్‌రే తీయించి పిండికట్టు వేస్తారు. ఆరు వారాలకు కట్టు విప్పుతారు. దానితో ఆ సంగతి ముగిసిందనే ఇంటిల్లిపాదీ అనుకుంటారు.

జారడం పడటానికి కారణమే గాని విరగడానికి కారణం కాదు. అదే బాత్రూంలో, అదే తీరున పాతికేళ్ళ కూతురు పడితే చెయ్యి వాచి నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. అమ్మకు మాత్రం ఎముక విరిగింది. నిలుచున్న ఎత్తు నుంచో, అంతకంటే తక్కువ ఎత్తు నుంచో పడ్డంత మాత్రాన ఎముక విరిగితే వైద్యులు దాన్ని ఫ్రజిలిటీ ఫ్రాక్చర్ అంటారు, అంటే ఎముక పెళుసుబారడం వల్ల వచ్చిన విరుపు. కట్టు వేయాల్సింది మణికట్టుకే అయినా జబ్బు ఒంట్లోని ఎముకలన్నిటిలోనూ ఉండొచ్చు. స్కూటీ మీంచి ఎగిరి పడితే లెక్క వేరు కదా అనిపిస్తుంది. పెద్ద వయసులో అలాంటి గట్టి దెబ్బకు విరిగినవాళ్ళలోనూ ఎముక సాంద్రత తక్కువగా ఉండటం పరిశోధనల్లో కనిపించింది కాబట్టి, స్కూటీని తిట్టి ఊరుకోవడానికీ లేదు.

పడబోయే మనిషి తనకు తెలియకుండానే చెయ్యి ముందుకు చాస్తుంది. ఒంటి బరువంతా అరచేతి మడమ మీద పడి, అక్కణ్ణుంచి ముంజేతి ఎముకల్లో బొటనవేలి వైపుదైన రేడియస్ చివరకు చేరుతుంది. విరిగిన ముక్క వెనక్కి, పైకి జరుగుతుంది. పక్కనుంచి చూస్తే చెయ్యి ఫోర్కు వంపులా ఉంటుందని పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు రాస్తాయి. మన వంటింట్లో పోలిక వెతికితే బోర్లా పెట్టిన గరిటె సరిపోతుంది. డబ్లిన్‌కు చెందిన సర్జన్ ఏబ్రహాం కోలిస్ 1814లో ఈ విరుపును వర్ణించాడు. ఎక్స్‌రే కనుక్కున్నది 1895లో. అంటే ఎముకను చూడకుండా, వేళ్ళతో తడిమి, అది బెణుకు కాదు విరుపేనని తేల్చి చెప్పాడు. రెండు శతాబ్దాలు దాటినా మన ఇళ్ళలో ఇదే విరుపును "బెణికింది", "నరం పట్టేసింది" అంటూ నాలుగు రోజులు జండూబామ్ రాయడం మానలేదు.

రేడియస్ చివరే ఎందుకు విరుగుతుందన్న దానిలోనే అసలు విషయం ఉంది. ఎముకంతా ఒకే తీరుగా ఉండదు. నడుమ భాగం గట్టి గొట్టం. చివర్లు పైన పల్చటి పెంకుతో, లోపల మైసూర్‌పాకు విరిచి చూస్తే కనిపించేలాంటి గూళ్ళ అల్లికతో ఉంటాయి. ఎముక బతికినంతకాలం పాతది కరుగుతూ కొత్తది పేరుకుంటూ ఉంటుంది. ఈ పని ఎముక ఉపరితలాల మీద జరుగుతుంది. గూళ్ళున్న చోట ఉపరితలం ఎక్కువ కాబట్టి కరగడమూ అక్కడే జోరుగా ఉంటుంది. ఆ కరుగుదలకు కళ్ళెం వేసి ఉంచేది ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్. నెలసరి ఆగాక అది పడిపోతే కరగడం ముందుకు పోతుంది, కట్టడం వెనకబడుతుంది. తర్వాతి ఐదారేళ్ళలో కొందరు స్త్రీలు తమ ఎముక ద్రవ్యంలో 20 శాతం దాకా పోగొట్టుకుంటారు. నొప్పి ఉండదు, వాపు ఉండదు. మోకాళ్ళ నొప్పులకు, దీనికి సంబంధం లేదు. అవి కీళ్ళ అరుగుదల. మోకాలు నొప్పి లేదు కాబట్టి ఎముకలు బాగున్నాయనుకోవడమూ, మోకాలు నొప్పి ఉంది కాబట్టి కాల్షియం మాత్ర వేసుకోవడమూ రెండూ పొరపాట్లే.

ఈ విరుపులకు ఒక వయసు క్రమం ఉంది. ఆడవాళ్ళలో మణికట్టు విరుపులు యాభై నుంచి అరవై అయిదు మధ్య పెరుగుతూ వచ్చి తర్వాత ఒక మట్టానికి నిలుస్తాయి. తుంటి విరుపులు డెబ్బై దాటాక పెరుగుతాయి. యాభై అయిదేళ్ళావిడ చురుగ్గా నడుస్తూ ముందుకు పడుతుంది, చెయ్యి చాపగలుగుతుంది. డెబ్బై అయిదేళ్ళ ముసలమ్మ మెల్లగా నడుస్తూ, లేదా నిలుచున్నచోటే, పక్కకు కూలుతుంది. చెయ్యి చాపేలోపే తుంటి నేలను తాకుతుంది. ఇలా చూస్తే మణికట్టు తుంటి కంటే పదిహేను, ఇరవై ఏళ్ళ ముందు విరుగుతోంది. ఒకసారి ఇలా విరిగినవాళ్ళకు మరో ఎముక విరిగే ముప్పు, విరగనివాళ్ళతో పోలిస్తే సుమారు రెట్టింపు. మంచాన పడేసే తుంటి విరుపుకు అంత ముందుగా హెచ్చరిక అందటం వైద్యంలో అరుదైన వెసులుబాటు. ఆ హెచ్చరికను పిండికట్టుతో పాటే చెత్తబుట్టలో వేస్తున్నాం.

తెలుగునాట ఈ విరుపులు ఇంకాస్త చిన్న వయసులోనే వచ్చేలా చేసే కారణం ఒకటుంది. మన దేశంలో నెలసరి ఆగే సగటు వయసు 46, 47 దగ్గర ఉంటుంది. పాశ్చాత్య దేశాల్లో 51. దానికి తోడు గర్భసంచి ఆపరేషన్లు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెల్లబట్ట అవుతోందనో, రక్తస్రావం ఎక్కువగా ఉందనో, "పిల్లలు పుట్టేశారు, ఇక దాంతో పనేముంది" అనో నలభై కూడా నిండకుండానే తీయించేసుకున్నవాళ్ళు మనకు వీధికొకరు కనిపిస్తారు. గర్భసంచితో పాటు అండాశయాలనూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కరోజులో పడిపోతుంది. అండాశయాలను ఉంచినా అవి మామూలు కంటే కొన్నేళ్ళు ముందే అలసిపోయే అవకాశం ఎక్కువ. అలాంటివాళ్ళకు నెలసరి ఎలాగూ రాదు కాబట్టి ఈస్ట్రోజెన్ ఎప్పుడు ఆగిందో తెలిసే గుర్తు కూడా ఉండదు. ముప్ఫై ఎనిమిదికి ఆపరేషన్ చేయించుకున్నావిడ యాభై రెండుకు చెయ్యి విరగ్గొట్టుకుంటే, ఆమె ఎముకల లెక్కలో వయసు అరవై దాటి ఉండొచ్చు. ఆపరేషన్ కాగితాలు దాచుకోవాలి. అండాశయాలు ఉంచారా తీశారా అన్న ఒక్క వాక్యం పదిహేనేళ్ళ తర్వాత అవసరపడుతుంది, అప్పటికి ఆ కాగితం ఏ ఇంట్లోనూ దొరకదు.

ఇక ఎండ. సముద్రతీరం, ఏడాదిలో ఎక్కువ రోజులు మండే సూర్యుడు ఉన్న ఊళ్ళో విటమిన్ డి లోపమేమిటన్నది సహజంగా వచ్చే ప్రశ్న. తిరుపతి స్విమ్స్ పరిశోధకులు 2000ల దశకంలోనే నెలసరి ఆగిన స్త్రీలలో ఈ లోపం విస్తారంగా ఉందని చూపించారు. అక్కడా ఎండకు కొదవ లేదు. ఎండ ఉండటం వేరు, చర్మానికి తగలడం వేరు. చర్మంలో విటమిన్ డి తయారు కావాలంటే అతినీలలోహిత బి కిరణాలు కావాలి. అవి సూర్యుడు బాగా పైకెక్కాకే నేలను చేరతాయి. మన నీడ మనకంటే పొట్టిగా ఉంటేనే ఆ ఎండ పనికొస్తుందన్నది సులువైన గుర్తు. ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున వాహనాలు ఆపిన రోడ్డు మీద వందలమంది నడుస్తారు. ఆరున్నరకు వాళ్ళ నీడలు తాటిచెట్లంత ఉంటాయి. ఆ నడక గుండెకు, షుగరుకు మంచిదే, విటమిన్ డి మాత్రం రాదు. పనికొచ్చే ఎండ కాసే పది, పదకొండు గంటలకు అందరూ ఇళ్ళలోనో ఆఫీసుల్లోనో ఉంటారు, బయటికి వస్తే గొడుగు, చున్నీ, పొడుగు చేతుల గ్లౌజులు. ఈ ఊరి ఉక్కపోతలో పదకొండింటికి ఎండలో కూర్చోమని చెప్పడం తేలికే, కూర్చోవడమే కష్టం. డాబా మీద అప్పడాలు, వడియాలు పెట్టే కాలంలో పాపం ఆ ఎండ ఎవరూ చెప్పకుండానే అందేది.

రక్తపరీక్షలో లోపం తేలితే డాక్టర్లు సాధారణంగా వారానికొకటి చొప్పున 60,000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్ల) విటమిన్ డి మాత్రగానో పొడిగానో కొన్ని వారాలపాటు ఇస్తారు. అది తీరాక ఆపాలి, లేదా తక్కువ మోతాదుకు మారాలి. పాత చీటీ చూపించి మందుల షాపులో ఏళ్ళ తరబడి కొనుక్కునేవాళ్ళున్నారు. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు చేటు. ఆస్ట్రేలియాలో ఏడాదికొకసారి 5,00,000 ఐయూ ఒకే మోతాదుగా వృద్ధ స్త్రీలకు ఇచ్చి చూశారు. 2010లో ఫలితాలు వచ్చాయి: పడటాలూ పెరిగాయి, విరుపులూ పెరిగాయి.

కాల్షియం విషయంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణాల ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 1000 మి.గ్రా., నెలసరి ఆగిన స్త్రీలకు 1200 మి.గ్రా. కావాలి. పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం చారు, సాయంత్రం నాలుగు చుక్కల పాలు వేసిన టీ తాగే ఇంటి ఇల్లాలికి ఇందులో సగం అందినా గొప్పే. ఉత్తరాంధ్ర ఒకప్పుడు ఇంత బీదగా తినలేదు. చోళ్ళు, అంటే రాగులు, ఈ నేల పంట. 100 గ్రాముల చోడిపిండిలో 350 మి.గ్రా. దాకా కాల్షియం ఉంటుంది, అదే తూకం బియ్యంలో నామమాత్రం. పొద్దున్నే చోడంబలి తాగి పనికి పోయిన తరం మనవరాళ్ళు దాన్ని ఇప్పుడు సూపర్ మార్కెట్లో 'రాగి మాల్ట్' పేరుతో, చక్కెర కలిపి, పదింతలు పెట్టి కొంటున్నారు. ఎండు నెత్తళ్ళు మరో పెద్ద వనరు, ముల్లు తీయకుండా నమిలి తినేవి కాబట్టి. నువ్వులు పొట్టుతో తింటేనే లాభం, తెల్లగా కడిగిన నువ్వుల్లో కాల్షియం చాలా మటుకు పొట్టుతోనే పోయి ఉంటుంది. గ్లాసుడు పాలో, కప్పుడు పెరుగో, గుప్పెడు మునగాకో రోజూ కలిస్తే మాత్రల అవసరం బాగా తగ్గుతుంది. ఇంట్లో పెరుగు మిగిలితే ఎవరికి వడ్డిస్తారు, చాలకపోతే ఎవరు మానేస్తారు అన్నది పోషకాహార పట్టికల్లో ఉండదు.

తిండీ ఎండా సరిగ్గా ఉన్నా ఎముకను తినేసే మందులు కొన్ని ఉన్నాయి. మొదటిది స్టెరాయిడ్. ఆయాసానికి, కీళ్ళవాతానికి డాక్టరు తెలిసి రాసేది ఒక రకం. అది మూణ్ణెల్లు దాటితే ఎముకల రక్షణ గురించీ ఆలోచిస్తారు. కీళ్ళ నొప్పులకు ఆర్‌ఎంపీ ఇచ్చే, పొడవగానే తేలికపడే సూది మరో రకం. అందులో ఏముందో వేయించుకున్నవాళ్ళకు తెలియదు. మోతాదు మించిన థైరాయిడ్ మాత్రా ఎముకను పలచన చేస్తుంది. ఏళ్ళ తరబడి పరగడుపున వేసుకునే 'గ్యాస్ మాత్ర'కూ విరుపులకూ సంబంధం ఉన్నట్టు అధ్యయనాల్లో కనిపించింది. ఎవరూ రాయకపోయినా అలవాటుగా సాగుతున్న మాత్ర ఇంట్లో ఏదైనా ఉంటే ముందు దాన్ని ప్రశ్నించాలి.

చెయ్యి విరిగిన మొదటి గంటలో చేయాల్సిన ముఖ్యమైన పని గాజులు, ఉంగరాలు తీసేయడం. వాపు ఎక్కాక అవి రావు, వేలికి రక్తం ఆడదు, చివరికి వాటిని కోసి తీయాల్సి వస్తుంది. పసుపుకుంకాలతో ఉన్న స్త్రీ చేతికి గాజు లేకుండా చేయడానికి ఇళ్ళలో సంకోచిస్తారు. రెండో చేతికి ఉంటే చాలదా అని పెద్దావిడ ఎవరైనా ఒక మాట అంటే ఆ సంకోచం తీరిపోతుంది. అట్టముక్కో, మడిచిన పత్రికో ఆసరా పెట్టి, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచి ఆసుపత్రికి వెళ్ళాలి. నాటుకట్టు మీద తెలుగువాళ్ళకున్న నమ్మకం చిన్నది కాదు, పుత్తూరు కట్టు పేరు తెలియని జిల్లా లేదు. ముక్క పక్కకు జరగని విరుపును కదలకుండా ఉంచితే ఎలాగూ అతుకుతుంది, ఆ మేరకు కట్టుకు పేరు వస్తుంది. పక్కకు జరిగిన మణికట్టును సరిచేయకుండా వెదురు బద్దలతో బిగిస్తే వంకరగా అతుకుతుంది. మొదటి రెండు రోజుల వాపు మీద కట్టు బిగిస్తే ప్రమాదం అంతకంటే పెద్దది. వేళ్ళు నీలంగా మారినా, మొద్దుబారినా, వేళ్ళు చాపితే ఓర్వలేని నొప్పి వచ్చినా ఏ కట్టయినా ఆ రాత్రే విప్పించాలి. ఈ మాట ఆసుపత్రిలో వేసిన పిండికట్టుకూ వర్తిస్తుంది.

ఆపరేషన్ కావాలా అన్నది తర్వాతి తర్జనభర్జన. మత్తు సూది వేసి లాగి సరిచేసి కట్టు వేయడం, సన్నటి తీగలు గుచ్చడం, అరచేతి వైపు నుంచి ప్లేటు, స్క్రూలు బిగించడం మూడు దారులు. పనిచేసుకునే యాభై ఏళ్ళావిడకు కీలులోపలికి విరుపు పోయి ఉంటే ప్లేటుకు అర్థం ఉంది. అరవై అయిదు దాటినవాళ్ళలో జరిగిన పలు పోలిక అధ్యయనాలు మాత్రం ఒకే మాట చెబుతున్నాయి: ప్లేటు వేసిన చెయ్యి ఎక్స్‌రేలో అందంగా కనిపిస్తుంది, ఏడాది తిరిగేసరికి పనితనంలో కట్టు వేసిన చేతికీ దానికీ పెద్ద తేడా ఉండదు. కొంచెం వంకర మిగిలిన చేత్తో ఆమె జడ వేసుకుంటుంది, చపాతీ వత్తుతుంది. 'డబ్బుకు వెనకాడామని రేపు అనుకోకూడదు' అనే కొడుకుల అపరాధభావం ఎముక శాస్త్రంలో ఆపరేషన్‌కు కారణం కాదు.

చేతిని చెడగొట్టేది చాలాసార్లు విరుపు కంటే బిగుసుకుపోవడం. కట్టు అరచేతి ముడత దగ్గర ఆగాలి, వేళ్ళు మొదటి రోజు నుంచే పూర్తిగా మడిచి తెరవాలి. మెడకు వేలాడదీసిన చేతిని ఆరు వారాలు కదపకపోతే భుజం కూడా పట్టేస్తుంది, అప్పుడు ఒక జబ్బుకు రెండు. కట్టు విప్పాక, విరిగిన ముక్క పెద్దగా పక్కకు జరగనివాళ్ళలో కూడా, ఉన్నట్టుండి బొటనవేలు పైకి లేవకపోతే అది అరిగి తెగిన స్నాయువు, అంటే కండను ఎముకకు కలిపే తాడు. మళ్ళీ చూపించుకోవాలి.

ఇంత చేశాకా మిగిలిపోయేది డెక్సా పరీక్ష. తుంటి, నడుము ఎముకల సాంద్రతను ఇరవై, ముప్ఫై ఏళ్ళ ఆరోగ్యవంతురాలి సాంద్రతతో పోల్చి టీ-స్కోరు ఇస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీసిన గీత ప్రకారం −2.5 గాని, అంతకంటే తక్కువ గాని ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. −1కీ −2.5కీ మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే దానికి ముందు మెట్టు. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, మందుల షాపుల ముందు మడమను ఒక చిన్న యంత్రంలో పెట్టించి 'ఉచిత ఎముకల పరీక్ష' చేసే శిబిరాలున్నాయి. అది అల్ట్రాసౌండ్. అందులో వచ్చే అంకెకు ఈ −2.5 గీత వర్తించదు. దాన్ని చూసి భయపడి కాల్షియం డబ్బా కొనడమూ, బాగుందని నిశ్చింతగా ఉండటమూ రెండూ తొందరపాటే. ఇంకో మెలిక ఉంది. ఇలా విరిగిన స్త్రీలలో సగానికి పైగా టీ-స్కోరు −2.5 కంటే మెరుగ్గానే ఉంటుంది, ఎందుకంటే ఆ మధ్య గడిలో ఉన్నవాళ్ళ సంఖ్యే ఎక్కువ. అందుకే అంకె ఒక్కటే చూడరు. వయసు, పాత విరుపు, తల్లికో తండ్రికో తుంటి విరిగిందా, స్టెరాయిడ్లు వాడారా అన్నవి కలిపి పదేళ్ళ ముప్పును లెక్కగట్టే ఫ్రాక్స్ అనే సాధనం 2008 నుంచి ఉంది. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన దానికి భారత్ నమూనా కూడా ఉంది.

మందుల్లో పాతదీ చవకైనదీ ఆలెండ్రోనేట్, వారానికొక 70 మి.గ్రా. మాత్ర. పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి. కాఫీతో వేసుకుంటే ఒంటికి పట్టదు, వేసుకుని నడుం వాల్చితే గొంతు గొట్టం పుండు పడుతుంది. కాఫీ పడందే కళ్ళు తెరవని ఇళ్ళలో ఈ మాత్ర రెండు నెలలకే అటకెక్కుతుంది. అలాంటివాళ్ళకు ఏడాదికొకసారి సెలైన్‌తో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ నయం. దానికి ముందు విటమిన్ డి సరిచేయాలి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం నుంచి వైద్యానికి విశాఖ వచ్చేవాళ్ళ విషయంలో ఈ రెండో పరీక్ష మరీ ముఖ్యం. కిడ్నీ దెబ్బతింటే ఎముక మరో తీరులో చెడుతుంది, ఈ మందులు వాళ్ళకు సరిపడకపోవచ్చు. ఆరు నెలలకొకసారి వేసే డెనోసుమాబ్ సూదిని మధ్యలో ఆపేస్తే కూడగట్టుకున్న ఎముకంతా వేగంగా మళ్ళీ పోయి వెన్నుపూసలు వరసగా నలిగిపోవచ్చు. ఆపాలంటే దాని స్థానంలో ఇంకో మందు మొదలుపెట్టి ఆపాలి. ఈ మందులతో దవడ ఎముక కుళ్ళుతుందన్న వాట్సాప్ భయంలో నిజం లేకపోలేదు, కానీ ఈ జబ్బుకు వాడే మోతాదుల్లో అది చాలా అరుదు. పళ్ళు పీకించుకునే పని ఉంటే ముందే చేయించుకుంటే సరి.

పడకుండా చూసుకోవడం దగ్గర మాత్రం డాక్టరు కంటే మేస్త్రీ ఎక్కువ ఉపయోగపడతాడు. కొత్త ఫ్లాట్లలో నున్నటి టైల్సు బాత్రూం దాకా పరుస్తున్నారు. గరుకు టైల్సు, గోడకు ఒక పట్టుకొయ్య, రాత్రి వెలిగే చిన్న దీపం అన్నీ కలిపి ఒక ప్లేటు ఆపరేషన్ ఖర్చులో ఓ మూలకు రావు. నిద్రమాత్ర, బీపీ మాత్ర వేసుకున్నావిడ రాత్రి రెండింటికి లేస్తే మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి. కంటిలో శుక్లం ముదరకుండానే తీయించాలి. నడక ఒక్కటీ ఎముకకు చాలదు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, స్టవ్ మీద పాలు పొంగేలోపు గట్టు పట్టుకుని ఒంటికాలిపై నిలబడటం లాంటివి తొడలకు బలాన్నీ ఒంటికి నిలకడనూ ఇస్తాయి.

ఇవన్నీ తెలిసినవే. తెలిసినది రోగి దాకా ఎందుకు చేరదంటే, చెయ్యి చూసే డాక్టరు ఎముక అతికాక పని అయిపోయిందనుకుంటారు, ఎముక జబ్బు చూసే ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి ఆమెను ఎవరూ పంపరు, గర్భసంచి తీసిన డాక్టరుకు చెయ్యి విరిగిన కబురే తెలియదు. 1990ల చివర్లో గ్లాస్గోలో ఈ ఖాళీని ఒక నర్సుతో పూడ్చారు. యాభై దాటి ఎముక విరిగి వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ ఆమె రాసుకుంటుంది, సాంద్రత పరీక్షకు పిలుస్తుంది, మందు మొదలయ్యేదాకా వెంటపడుతుంది. ఫ్రాక్చర్ లయాజన్ సర్వీస్ అని పేరు పెట్టుకున్న ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. దానికి కొత్త భవనం అక్కర్లేదు. 1923 నుంచి ఉత్తరాంధ్రకంతా పెద్దాసుపత్రిగా ఉన్న కేజీహెచ్ మొదలు వీధి చివరి ఆర్థో క్లినిక్ దాకా ఎక్కడైనా కట్టు విప్పే బల్ల పక్కన ఒక రిజిస్టరు పెట్టొచ్చు. గళ్ళు ఆరు చాలు: వయసు, ఎలా పడింది, నెలసరి ఆగిందా లేక గర్భసంచి తీశారా, ఏ వయసులో, వాడుతున్న మందులు, డెక్సాకు రమ్మన్న తేదీ.